చట్టంలో చెట్టు, అడవిలో తీగ

(మా ఢిల్లీ ప్రతినిధి)

పార్లమెంటు సమావేశాలు నిరవధికంగా వాయిదా పడిన మరునాటి నుంచి రాజధానిలో విలేఖరులకు పని తక్కువ, ఊహాగానాలు ఎక్కువ. మంత్రివర్గంలో మార్పులను గురించి, గవర్నర్ల బదిలీలను గురించి వినవచ్చే కథలను ఒక పక్కకు పెట్టి, ఈసారి నేను శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరికి పోతూ దారిలో ఖరగ్‌పూర్‌లో రెండు రోజులు ఆగాను. కనుక ఈ వారం లేఖ రాజధాని నుంచి కాక ఒక రైల్వే పట్టణం నుంచి వ్రాస్తున్నాను. అయినా విషయం మాత్రం పార్లమెంటుదే. ఒక పాత కుర్చీ దగ్గర మొదలైన సంభాషణ చివరకు ఒక చట్టంలోని ఒకే ఒక్క పదం దగ్గరకు చేరింది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దం చివర ఇక్కడ జంక్షను కట్టింది. వాల్తేరు నుంచి వచ్చే ఈస్ట్ కోస్ట్ రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. 1904 నాటికి ఇక్కడి వర్క్‌షాపు పని ప్రారంభించింది. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలను విడిచి ఫిట్టర్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మెన్, గుమాస్తాలు తరం వెంట తరంగా ఈ ఊరు చేరారు. వి. వి. గిరి గారు రాష్ట్రపతి కావడానికి ఎంతో ముందే ఈ రైల్వే కార్మికులకు నాయకులు. ఇక్కడి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్ల పొడవైనదని ప్రసిద్ధి. ఆ పేరు తర్వాత గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్ళికి పోయింది గాని, ఆ ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిన వానికి బెంగాలీ, హిందీలతో పాటు తెలుగు మాట చెవిని పడకుండా ఉండదు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినపుడు ప్రధానంగా దృష్టిలో పెట్టుకొన్నది ఈ ఊరి తెలుగువారినే.

నేను బస చేసినది నాకు మేనమామ వరుస అయిన ఒక పెద్దాయన ఇంట. ఆయన చిన్న చిన్న స్టేషన్లలో స్టేషను మాస్టరుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడ్డారు. వారి వరండాలో రెండు వస్తువులు నా దృష్టిని ఆకర్షించాయి. ఒకటి పొడుగు చేతుల పాత పడక కుర్చీ. దాని అల్లిక నడిమిభాగంలో తెగి జారిపోయి ఉంది. రెండవది గోడకు వ్రేలాడుతున్న పెద్ద వలయం. మనిషి భుజం వరకు దూరిపోగలంత వెడల్పు, కింద చిన్న తోలు సంచి.

"ఇదేమిటో పోల్చగలవా?" అన్నారు మామయ్య.

పోల్చగలిగాను. నా చిన్నతనంలో మా ఊరి స్టేషనులో చూసినదే. ఒంటి దారి మీద ఎదురెదురుగా రెండు రైళ్ళు రాకుండా ఆనాడు పాటించిన పద్ధతి అది. నీల్స్ యంత్రం నుంచి వెలువడే ఉక్కు బంతిని ఆ తోలు సంచిలో పెట్టి డ్రైవరుకు అందిస్తేనే ముందు సెక్షనులోకి పోవడానికి అతనికి అధికారం. రైలు ఆగదు. పాయింట్స్‌మన్ వలయాన్ని ఎత్తి పట్టుకొని నిలబడతాడు. ఇంజను నుంచి చాచిన చేయి దానిలోకి దూరి లాక్కొనిపోతుంది. ఆ వలయం పేముతో చేసినది.

"ఇనుపది అయితే చెయ్యి విరిగేది, వెదురుది అయితే అదే విరిగేది. పేము గనుక వంగి, మళ్ళీ నిలబడేది. వానలోనూ ఎండలోనూ ఎన్నేళ్ళు వాడామో లెక్క లేదు," అన్నారు మామయ్య. పనికిరాని సామాను వేలం వేసినపుడు దానిని కొని తెచ్చుకొన్నారట. ఇప్పుడు ఆ బంతులకు, వలయాలకు పని లేదు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ ప్రారంభమైంది. 800 మార్గాలను తెర మీదనే అమర్చవచ్చు. అదే నెలలో ఢిల్లీలో ఈ పేముకు దగ్గరి సంబంధం ఉన్న ఒక ఆర్డినెన్సు వెలువడింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

గోల్ బజారు మేస్త్రి చెప్పిన మాట

మరునాడు ఉదయం కుర్చీ అల్లడానికి గోల్ బజారు వైపు నుంచి ఒక బెంగాలీ మేస్త్రి వచ్చాడు. ఆయన పని చూడడం నాకొక పాఠమైంది. పేము పైచర్మం నుంచి తీసిన సన్నని పట్టీలను ముందుగా నీళ్ళలో నానబెట్టాడు. చట్రం చుట్టూ ఉన్న చిల్లులలో నుంచి నిలువుగా రెండు సార్లు, అడ్డంగా రెండు సార్లు, మూలవాటుగా రెండు సార్లు, మొత్తం ఆరు దఫాలు పట్టీని నడిపాడు. అప్పుడు గాని మనకు పరిచితమైన ఆ ఎనిమిది కోణాల గళ్ళు ఏర్పడవు. తడి ఆరిన కొద్దీ పట్టీ బిగుసుకొంటుంది. మేకు లేదు, జిగురు లేదు.

పని మధ్యలో ఆయన ఒక మాట అన్నాడు. తండ్రి కాలంలో దుకాణమంతా పేము ఉండేదట. ఇప్పుడు కుర్చీలు అల్లించుకొనేవారిలో చాలామంది ప్లాస్టిక్ తీగ చాలు అంటున్నారట. సరుకు దూరం నుంచి రావాలి, ధర ఎక్కువ, రకం తక్కువ. ఆయన బంధువు ఒకరు పల్లెలో చెరువు గట్టున పేము పొదలు పెంచుతున్నాడు. అది కోసి బండి మీద పట్టణానికి తెద్దామంటే దారిలో ఎవరో ఒకరు అడవి సరుకుకు పర్మిట్ ఏదని అడుగుతారు. చెరువు గట్టు అడవి ఎప్పుడయిందో తనకు తెలియదన్నాడు.

మామయ్య ఆ మాటలను నాకు తెలుగులో చెప్పి, నా వైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, ఇన్నేళ్ళుగా పార్లమెంటు గ్యాలరీలో కూర్చుంటున్నావు గదా. ఈ పేము చెట్టా, తీగా, గడ్డా? దీనికి పర్మిట్ ఎందుకు?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి అడవి చెప్పేది, ఇంకొకటి చట్టం చెప్పేది. ఆ రెంటికీ పొంతన లేదు.

అడవి చెప్పే సమాధానం

మేస్త్రి దానిని బేత్ అన్నాడు, మామయ్య బెత్తం అన్నారు. రెండూ సంస్కృతంలోని వేత్ర శబ్దం నుంచి వచ్చినవే. శాకుంతలంలో దుష్యంతుని ద్వారపాలిక పేరు వేత్రవతి, అనగా బెత్తం పట్టినది. మా తరం వారికి ఇది పేపబెత్తంగా బడిలోనే పరిచయం; ఎక్కాలు తప్పిన ప్రతివానికి దాని సాగుగుణం అనుభవపూర్వకంగా తెలుసు. 2009 నాటి విద్యా హక్కు చట్టం బడిపిల్లలను శిక్షించడాన్ని నిషేధించిన తర్వాత ఆ పరిచయం పుస్తకాలకే పరిమితమైంది.

వృక్షశాస్త్రం ప్రకారం పేము వెదురుకు బంధువు కాదు. వెదురు గడ్డి జాతి, లోపల డొల్ల. పేము తాటి, కొబ్బరి, ఈతల కుటుంబానికి చెందినది, లోపల గట్టి. అయితే తాటి వలె తన కాళ్ళ మీద తాను నిలబడదు. ఇతర వృక్షాలను పట్టుకొని పైకి పాకుతుంది. ఆకు చివర నుంచో, కాండం నుంచో కొరడా వంటి సన్నని తీగ బయలుదేరుతుంది. దాని నిండా వెనక్కి వంగిన ముళ్ళు. గాలికి ఊగి ఏ కొమ్మను తాకితే ఆ కొమ్మకు గాలంలా తగులుకొంటుంది. ఆ విధంగా అడవి పైకప్పు దాకా పోతుంది. ఆగ్నేయాసియా అడవులలో 100 మీటర్లకు మించి పొడవు సాగిన పేములు ఉన్నాయి. ప్రపంచంలో సుమారు 600 జాతులు. మన దేశంలో దాదాపు 60. లిన్నేయస్ 1753లో కాలమస్ రోటాంగ్ అని పేరు పెట్టిన జాతి దక్షిణ భారతానిది, సింహళానిది. తూర్పు కనుమలలో, ఒడిశాలోను ఆంధ్రలోను, కాలమస్ విమినాలిస్ అనే జాతి వాగుల వెంట కనిపిస్తుంది.

పేముకు తేమ కావాలి, నీడ కావాలి, తర్వాత వెలుగు కావాలి. గింజ మొలిచిన తర్వాత మొక్క కొన్నేళ్ళ పాటు నేలను అంటిపెట్టుకొన్న ఆకుల గుత్తిగానే ఉండిపోతుంది. సమీపంలో ఏదైనా ముసలి చెట్టు కూలి ఆకాశం కనిపించినపుడు గాని కాండం పైకి లేవదు. జాతిని బట్టి 7 నుంచి 15 ఏళ్ళకు కోతకు వస్తుంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. రెండూ దగ్గరలో ఉంటేనే కాయ. పొలుసులు కప్పిన ఆ చిన్న పండ్లను కోతులు, అడవి పక్షులు తిని గింజలను దూరం చేరుస్తాయి. గింజ ఎండిపోతే త్వరలోనే మొలకెత్తే శక్తి పోతుంది; ధాన్యం వలె గాదెలో దాచిపెట్టేది కాదు.

ఈ జీవన క్రమంలోనే కోతకు సంబంధించిన నియమాలన్నీ ఇమిడి ఉన్నాయి. తాటి కుటుంబమంతటిలో వలె పేము పెరుగుదల కూడా మొవ్వులో ఉంటుంది. మొవ్వు పోతే ఆ కాండం పోయినట్లే. దుబ్బుగా పెరిగే జాతులు మొదటి నుంచి పిలకలు వేస్తాయి గనుక పండిన కాండాలను తీసి లేతవాటిని వదిలితే దుబ్బు చావదు. కాని మలయా, ఇండోనేసియా అడవులలో అత్యంత విలువైన మనాన్ పేము వంటివి ఒంటి కాండం జాతులు. వాటిని ఒకసారి నరికితే మళ్ళీ గింజ మొలవవలసిందే. పండక ముందే నరికితే గింజ లేదు, తర్వాతి తరం లేదు.

పండిన పేమును గుర్తించడం కష్టం కాదు. కాండం కింది భాగంలోని ముళ్ళ తొడుగులు ఎండి రాలిపోయి, నున్నని పచ్చని కాండం బయటపడుతుంది. కోసేవాడు మొదటి దగ్గర నరికి, చేతుల శక్తి కొద్దీ కిందికి లాగుతాడు. ముళ్ళు ఒంటి మీద, ఎండుకొమ్మలు నెత్తి మీద పడతాయి. చాలాసార్లు పై భాగం కొమ్మలకు చిక్కి అక్కడే మిగిలిపోయి వృథా అవుతుంది. లేత కాండం ఎండిన తర్వాత ముడుచుకొంటుంది, బలం ఉండదు. ఇది కోసేవానికి తెలుసు. అయినా నేడు తాను వదిలితే రేపు మరొకడు నరుక్కొనిపోతాడన్న భయం ఉన్నచోట ఆ తెలివి చేతిలోకి రాదు.

నరికిన తర్వాత కూడా వ్యవధి లేదు. పచ్చి పేమును కొద్ది రోజులలో శుద్ధి చేయకపోతే బూజు పట్టి నీలి మరకలు పడతాయి; ధర సగానికి పడిపోతుంది. అందుకే డీజిలు, కిరసనాయిలు వంటి నూనెలలో మరిగించి, తుడిచి, ఎండబెడతారు. ఆ పొయ్యి, ఆ నూనె ఉన్న వర్తకుడే ధర నిర్ణయిస్తాడు. అడవిలో ముళ్ళు గుచ్చుకొన్నవానికి మిగిలేది కూలి మాత్రమే.

చట్టం చెప్పే సమాధానం

ఇక చట్టం మాట. 1927 నాటి భారత అటవీ చట్టం రెండవ సెక్షనులో నిర్వచనాలు ఉన్నాయి. చెట్టు అనే మాటలో తాటి జాతి వృక్షాలు, వెదుళ్ళు, మోడులు, పొదలు, బెత్తాలు కూడా చేరతాయని ఏడవ ఉపనిబంధన చెప్పింది. చెట్టు నరికితే కలప. ఆ కలప అడవిలో దొరికినా, మరెక్కడ దొరికినా అటవీ ఉత్పత్తే అని నాల్గవ ఉపనిబంధన అంటుంది. అటవీ ఉత్పత్తి రవాణాను నియంత్రించే అధికారం 41వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఈ మెట్లన్నీ దిగివస్తే చెరువు గట్టున పెంచుకొన్న పేము దుబ్బు కాగితం మీద టేకు దుంగతో సమానమైపోతుంది. రాష్ట్రాలు తమ నిబంధనల ద్వారా మినహాయింపులు ఇవ్వవచ్చు. కాని మూల చట్టం మాత్రం అది చెట్టేనంటుంది. మేస్త్రి బంధువును దారిలో అడిగిన ప్రశ్నకు ఆధారం అది.

వెదురుకు కూడా ఇదే గతి పట్టి ఉండేది. 2011లో నాటి పర్యావరణ మంత్రి, రాజ్యసభలో ఆంధ్ర ప్రదేశ్ సభ్యుడు అయిన జైరాం రమేష్ వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయంగా పరిగణించవలసిందని ముఖ్యమంత్రులకు వ్రాశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా గ్రామసభకు రవాణా పర్మిట్ పుస్తకం లభించింది. చివరకు 2017 నవంబరు 23న వెదురు అనే మాటను చెట్టు నిర్వచనం నుంచి తొలగిస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దాని స్థానంలో వచ్చిన సవరణ బిల్లును డిసెంబరులో ఉభయ సభలు ఆమోదించాయి. ఆనాడు నేను గ్యాలరీలో ఉన్నాను. వెదురు గడ్డి జాతి గదా, చెట్టు ఎట్లా అవుతుందన్న వాదం సభలో వినవచ్చింది. రైతు తన పొలంలో పెంచిన వెదురుకు స్వేచ్ఛ కావాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. నేను ఆ వార్తను పంపాను. అదే వాక్యంలో, నాలుగు మాటల అవతల నిలిచి ఉన్న బెత్తాన్ని గురించి ఎవరూ అడగలేదు; నేనూ గమనించలేదు. ఆరేడు దశాబ్దాలు రైల్వేలో గడిపిన కుటుంబం వరండాలో కూర్చుంటే గాని ఆ మాట నాకు కనిపించలేదు.

వెదురు వెనుక కాగితం మిల్లులు ఉన్నాయి, అగరుబత్తి పరిశ్రమ ఉంది, ఈశాన్య రాష్ట్రాల సభ్యుల గొంతు ఉంది. పేము వెనుక ఉన్నవారు చెదరిన అల్లికవారు, అడవిలో కోసేవారు. వారి తరఫున ఏ ప్రతినిధి వర్గమూ సచివాలయాల మెట్లు ఎక్కదు.

ఇందులో మరొక చిక్కు కూడా ఉంది. రేపు పార్లమెంటు మేల్కొని బెత్తాలు అనే మాటను కొట్టివేసినా పని పూర్తికాదు. పేము తాటి కుటుంబానిది. తాటి జాతి వృక్షాలు అనే మాట ఆ నిర్వచనంలో మొదటనే ఉంది. ఒక తలుపున విడిపించిన పేమును అదే ఇంటి మరొక తలుపు పట్టుకొంటుంది. కనుక మాటను తొలగించడం కాదు, పేము చెట్టు కాదని స్పష్టంగా వ్రాయడమే మార్గం.

అట్లా వ్రాస్తే అడవులు దోపిడి పాలు కావా అని అడగవచ్చు. కావు. అదే చట్టంలో అటవీ ఉత్పత్తి నిర్వచనం రెండవ భాగం, అడవిలో దొరికే గడ్డిని, తీగలను, చెట్లు కాని ఇతర మొక్కలను కూడా తన పరిధిలోనే ఉంచుకొంది. అడవి పేము అటవీ ఉత్పత్తిగానే ఉంటుంది. చెరువు గట్టు పేము మాత్రం రైతు పంట అవుతుంది. ఇదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో సబంగ్ పరిసరాలలో మాదుర్ కాఠి అనే తుంగ జాతి మొక్కను పొలాలలో పండించి చాపలు నేస్తారు. ఆ తుంగను బండికెత్తినపుడు అది చెట్టా అని చట్టం అడగదు. ఆ గౌరవం పేముకు కూడా దక్కితే చాలు.

కలిగినవాడే కాపలాదారు

అడవి పేము సంగతి వేరు. దానికి స్వేచ్ఛ కంటె ముందు యజమాని కావాలి. ఈ విషయంలో 1927 చట్టానికి పూర్తిగా భిన్నమైన చట్టం మనకు ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న తరహా ఫలసాయం జాబితాలో వెదురుతో పాటు బెత్తాన్ని కూడా పేరు పెట్టి చెప్పింది. సేకరించి అమ్ముకొనే యాజమాన్య హక్కును అడవి బిడ్డలకు ఇచ్చింది. ఆ బిల్లును పరిశీలించిన సంయుక్త సంఘానికి అధ్యక్షులు పార్వతీపురం సభ్యులు కిశోర్ చంద్రదేవ్ గారు. ఆయన గిరిజన వ్యవహారాల మంత్రిగా ఉన్న 2012లో నిబంధనలను సవరించి, రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ సంఘానిదేనని తేల్చారు. అంటే ఒకే మొక్క ఒక చట్టంలో చెట్టు, ఇంకొక చట్టంలో చిన్న ఫలసాయం. తనిఖీ చేసేవాని చేతిలో సాధారణంగా కనిపించేది మొదటి చట్టమే.

హక్కు ఇస్తే అడవి మిగులుతుందా అన్న సందేహానికి సమాధానం ఖరగ్‌పూర్‌కు ఎంతో దూరం పోనక్కరలేకుండానే దొరుకుతుంది. ఇదే జిల్లాలోని అరాబరీ సాల అడవి ఒకప్పుడు మోడుల బీడు. 1971–72లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాలతో ఒక ఒప్పందానికి వచ్చారు. 1,272 హెక్టార్ల అడవిని వారు కాపాడాలి. కలప అమ్మకంపై వచ్చే నికరాదాయంలో 25 శాతం వారిది. మోడుల నుంచి సాల వృక్షాలు మళ్ళీ లేచాయి. 1990 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా చేపట్టిన సంయుక్త అటవీ యాజమాన్య విధానానికి ఆ ప్రయోగం ఒక ఒరవడి. తర్వాతి కాలంలో ఆ విధానంలో లోపాలు లేకపోలేదు. వాటా ఇచ్చారు గాని హక్కు ఇవ్వలేదన్న విమర్శ సమంజసమే. అయినా వాటా ఉన్నవాడు గొడ్డలి దించుతాడన్న సత్యం అక్కడ రుజువయింది.

ఎర్ర జేగురు నేలలోని ఆ పొడి సాల అడవి పేముకు అనువైనది కాదు. కాని అరాబరీ చెప్పిన సత్యం పేముకు మరింతగా వర్తిస్తుంది. వెదురు ఒంటరిగా బతుకుతుంది. పేముకు ఎక్కడానికి చెట్టు కావాలి. చుట్టూ ఉన్న అడవిని నరికి పేమును మాత్రం మిగుల్చుకోవడం సాధ్యం కాదు. కనుక పేము మీద బతికేవానికి పెద్ద చెట్టు నిలబడి ఉండడంలోనే లాభం ఉంది. అడవిని నిలబెట్టి ఆదాయం ఇచ్చే ఇటువంటి ఫలసాయాలు ఎన్నో లేవు.

దీనికి మరొక దేశపు అనుభవం కూడా తోడు. ప్రపంచ మార్కెట్టుకు పేమును అత్యధికంగా అందించే దేశం ఇండోనేసియా. అక్కడ కలిమంతాన్‌లో దయాక్ రైతులు మన ఏజెన్సీవారి వలెనే పోడు వ్యవసాయం చేస్తారు. వరి కోసిన తర్వాత ఆ చెలకలో పేము నాటి, దాని చుట్టూ అడవిని మళ్ళీ పెరగనిస్తారు. పిలకలు వేసే జాతి గనుక ఏళ్ళ తరబడి కోసుకోవచ్చు. పోడు మచ్చ పేము తోట అవుతుంది, పేము తోట అడవి అవుతుంది. 1986లో ఆ ప్రభుత్వం స్వదేశీ కుర్చీల పరిశ్రమను పోషించే నెపంతో ముడి పేము ఎగుమతిని నిషేధించింది. కొనేవారు తగ్గారు, అడవిలో ధర పడిపోయింది. మధ్యలో సడలించి, 2012లో మళ్ళీ నిషేధం విధించారు. ధర పోయిన పేము తోటలను రబ్బరుకు, పామాయిలుకు మార్చుకొన్న రైతులు ఎందరో. పేముకు విలువ పోయిన చోట దానికి ఆధారమైన చెట్లకు కూడా విలువ పోయింది.

మన మారేడుమిల్లి, రంపచోడవరం కొండలలో వాగుల పక్కన పేము దుబ్బులు ఉన్నాయి. కింద మేదర కుటుంబాలు ఉన్నాయి. నడుమ లేనిది గ్రామసభ చేతిలో పర్మిట్ పుస్తకం, ఊళ్ళోనే పేమును శుద్ధి చేసే ఒక పొయ్యి, ఏ దుబ్బులో ఎన్ని కాండాలు వదలాలో, ఏ ఆడ మొక్కను కాయకు విడవాలో తాము కూర్చొని వ్రాసుకొన్న ఒక కట్టడి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అవసరం లేదు. ఉన్నదానిని అమలు జరపాలన్న పట్టుదల చాలు. చెరువు గట్టు పేముకు మాత్రం పార్లమెంటు ఒక వాక్యం వ్రాయాలి.

నేను కాలేజీలో చదువుకొన్నది ఆంగ్ల సాహిత్యం గనుక మాటల పుట్టుకలు వెదికే అలవాటు పోలేదు. పేమును ఆంగ్లంలో కేన్ అంటారు. ఆ మాటకు మూలం గ్రీకులో రెల్లు అనే అర్థం గల పదం. ఆ పదం నుంచే కొలబద్దకు, దాని నుంచి నియమానికి పేరు ఏర్పడి, అరబ్బీ మీదుగా మన దేశానికి కానూన్‌గా వచ్చింది. చట్టమూ బెత్తమూ ఒకే ఇంటివన్నమాట. ఆ బంధుత్వాన్ని మన చట్టసభ 2017లో మరచిపోయింది. వచ్చే సమావేశాలలో మన తెలుగు సభ్యులలో ఒకరు లేచి ఒక ప్రశ్న వేసినా ఆ మరపు తొలగుతుంది.

బయలుదేరే నాటికి కుర్చీ సిద్ధమైంది. మామయ్య దానిలో వెనక్కి వాలి, "ఇంతకూ నేనడిగినదానికి జవాబు చెప్పలేదు. ఇది చెట్టా, తీగా?" అన్నారు.

"అడవిలో తీగ, మామయ్యా. చట్టంలో చెట్టు," అన్నాను.

"అయితే మార్చవలసింది అడవిని కాదు గదా," అన్నారు ఆయన.